పంతొమ్మిదో రోజు ముద్ర

ఆ వార్డులో ఇప్పుడు ఎవరూ ఏడవడం లేదు. చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు గుమ్మంలో నిలబడి "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందండీ!" అని మెచ్చుకుని, ఫొటోలు దిగి వెళ్తున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నీలవేణికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. పదకొండుమంది పిల్లలు, అందులోనూ బతుకు మీద విరక్తి పుట్టి వచ్చిన పిల్లలు ఉన్న చోట చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోందంటే, అది మెచ్చుకోవాల్సిన సంగతా?

నీలవేణి ఆ మానసిక వైద్యశాలలో, పిల్లల వార్డులో 'తోడు'. ఉద్యోగం పేరే అది. ఒకప్పుడు అదే బాధతో అలాంటి మంచం మీదే పడుకుని, తేరుకుని, మళ్ళీ వచ్చి పిల్లల పక్కన కూర్చునే మనిషి అన్నమాట. నీలవేణి డాక్టరు కాదు, నర్సు కాదు. మందులివ్వదు, కేసు షీటులో ఒక్క అక్షరం రాయదు. పిల్ల తనతో చెప్పిన మాటని, ఆ పిల్ల ఒప్పుకుంటే తప్ప ఇంకొకరి చెవిన వెయ్యదు. ఆమెకిప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పదిహేడో ఏట ఇదే వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉండేది.

ఆమె చేసే పని చూస్తే పని అనిపించదు. పొద్దున్న టిఫిన్లయ్యాక వంటగదిలోంచి గోంగూర కట్టలో, చిక్కుడుకాయలో తెచ్చి వరండాలో కుప్ప పోస్తుంది. పిల్లలు చుట్టూ చేరి ఆకు వలుస్తారు, ఈనెలు తీస్తారు. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు. 'ఏమైందమ్మా?' అని అడక్కూడదు, అది తోడుగా పనిచేసేవాళ్ళు నేర్చుకునే మొదటి నియమం. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇవాళ ఒక మాట, నాలుగు రోజులకి ఇంకో మాట. ఏడుపులూ తిట్లూ అన్నీ ఆ వరండాలోనే. ఒకసారి ఒక కుర్రాడు గోంగూర కట్టని వాళ్ళ ప్రిన్సిపాల్ అనుకుని నలిపి నలిపి పెట్టాడు. ఆ రోజు పచ్చడి బ్రహ్మాండంగా కుదిరిందని హెడ్ నర్సు ఏసుమణి ఇప్పటికీ చెప్తుంది.

నాలుగు నెలల క్రితం పై అంతస్తు లాబొరేటరీలోంచి టోపీ దిగింది. దానితో ఈ సందడంతా పోయింది.

డాక్టర్ పరిమళ పన్నెండేళ్ళు దాని మీద పనిచేసింది. కల్లోలపడ్డ మనసు కుదుటపడితే ఆ క్షణం మెదడులో ఒక ముద్ర వదిలి వెళ్తుందనీ, ఆ మనిషి దాన్ని గట్టిగా తలుచుకుంటే యంత్రం ఆ ముద్రని పట్టుకోగలదనీ, టోపీతో దాన్ని ఇంకొకరి మీద వేస్తే డెబ్భై రెండు గంటలపాటు ఆ రెండో మనిషికీ అదే నెమ్మది ఉంటుందనీ ఆవిడ కనిపెట్టింది. ఎవరి ముద్రయినా పనికొస్తుందేమోనని మొదట ఒక ఆశ్రమం నుంచి స్వామివారిని పిలిపించి చూశారట. పిల్లలకి ఆవులింతలు వచ్చాయి తప్ప ఇంకేమీ కాలేదు. ఆ బాధ పడి లేచినవాళ్ళ ముద్రే అతుకుతుందని అప్పుడు తేలింది. రాష్ట్రంలో తోడుగా పనిచేసే పద్నాలుగుమందీ వచ్చి తలకి తీగలు పెట్టించుకున్నారు. అందరిలోకీ నీలవేణి ముద్ర బాగా పట్టింది. నీలవేణి మురిసిపోయింది కూడా, దాచడమెందుకు. తన కష్టం పదిమందికి పనికొస్తోందంటే ఎవరు మాత్రం మురిసిపోరు?

మూడు రోజులకోసారి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు టోపీ పెడతారు. మొదట్లో పిల్లలు "మాకు టోపీ పెడుతున్నారక్కోయ్" అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ వేళాకోళం కూడా లేదు. పిలవగానే లేస్తారు, కూర్చుంటారు, తింటారు, పడుకుంటారు. గోంగూర తెచ్చి పోస్తే పది నిమిషాల్లో ఆకు ఆకుగా వలిచేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు.

యోషిత వచ్చి నెల దాటింది. రావులపాలెంలో బ్యాటరీల షాపున్న శివన్నారాయణ గారమ్మాయి, ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టలుండే పెద్ద కాలేజీ. అన్నం మానేసి, మాట మానేసి వచ్చింది. మొదటి అయిదు రోజులూ నీలవేణి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది, అంతే. ఆరో రోజున తలెత్తకుండా ఒకే ఒక్క మాట అంది.

"అది తలుపు కొడుతూనే ఉందక్కా."

నీలవేణి చెయ్యి ఆగింది గానీ నోరు మెదపలేదు. రేపు ఇంకో మాట వస్తుంది, రానీ అనుకుంది. ఆ రేపు రాలేదు. మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గోవర్ధనంగారి ఆర్డరు మీద యోషితకి టోపీ పెట్టేశారు. అప్పటినుంచి ఆ పిల్ల శుభ్రంగా తింటోంది, జడ వేసుకుంటోంది. వచ్చే సోమవారం డిశ్చార్జి. నుదుటికి కట్టుకునే పట్టీ ఒకటి ఇచ్చి పంపిస్తారు. మూడు రోజులకోసారి ఆ పట్టీ ఆసుపత్రి యంత్రంలోంచి ముద్ర తెచ్చుకుంటుంది. పిల్ల నేరుగా హాస్టలుకే వెళ్తుంది.

శుక్రవారం పొద్దున్న వరండాలో ఇద్దరే మిగిలారు.

"సోమవారం నాన్నొస్తారక్కా. పోర్షన్ చాలా అయిపోయి ఉంటుంది. కష్టపడాలి," అంది యోషిత.

"ఊఁ," అంది నీలవేణి.

"అయిందేదో అయింది. చెప్పుకుంటే పరువు పోవడం తప్ప ఏమొస్తుంది?" అని యోషిత నవ్వింది. నవ్వుతూ బొటనవేలి గోరుతో చూపుడువేలి కణుపు మీద నొక్కుకుంది.

నీలవేణి ఆ వేలి వైపే చూసింది. ఆ మాట తనది. ఆ నవ్వు తనది. ఆ గోరు నొక్కు మచ్చ తన వేలి మీద ఇంకా ఉంది. టోపీ మాటల్ని మొయ్యదు, మనసు స్థితినే మోస్తుందని డాక్టరమ్మ చెప్పింది నిజమే. కానీ ఆ స్థితిలో పడ్డ మనిషి నోటికి ఇంకే మాటలొస్తాయి? ఏడేళ్ళ క్రితం కిటికీ పక్క మంచం మీద కూర్చుని, అదే నవ్వు నవ్వి, అచ్చం అవే మాటలు తను డాక్టర్లకి అప్పజెప్పింది.

అది ఆమె వార్డులో చేరిన పంతొమ్మిదో రోజు. పద్దెనిమిదో రోజున ఏం జరిగిందో కేసు షీటులో లేదు. ఆ రోజు వాళ్ళ నాన్న చూడ్డానికొచ్చాడు. కాలేజీలో మార్కుల కాగితం వీపుకి అతికించి తనని వారం రోజులు గదిగదికీ తిప్పారనీ, ఎదురు చెప్పినందుకు డీన్ అరవైమంది ముందు చెంపలు వాయించాడనీ వెక్కుతూ వెక్కుతూ ఆయనకి చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, "నోర్ముయ్. ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోగలమా?" అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి నీలవేణి నోరు మూసుకుంది. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని తేల్చుకున్నాక లోపల అంతా చల్లబడిపోయింది. దాన్ని చూసి డాక్టర్లు 'కోలుకుంది' అని రాశారు, సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు.

అసలు కోలుకోవడం రెండేళ్ళ తర్వాత, యానాంలో జాకెట్లు కుట్టే పిన్ని ఇంట్లో మొదలైంది. హెమ్మింగ్ చేస్తూ చేస్తూ ఒకరోజు ఉన్నట్టుండి మొత్తం కక్కేసింది. అరిచింది, పింగాణీ ప్లేటు గోడకేసి కొట్టింది. పిన్ని కుట్టుమిషన్ ఆపి, "ఇంకోటి ఇవ్వనా?" అని అడిగింది. ఆ రోజు నీలవేణికి నెమ్మదీ లేదు, పాడూ లేదు. ఒళ్ళంతా మంటలే. కానీ ఆ రాత్రే రెండేళ్ళ తర్వాత నిద్ర పట్టింది.

మరి ముద్ర తీసుకున్న రోజున ఏం చేసింది? డాక్టర్ పరిమళ కేసు షీటు తిరగేసి, "పంతొమ్మిదో రోజు తలుచుకో అమ్మా, నీకు నెమ్మది వచ్చిన రోజు," అంది. అది కాదు మేడమ్ అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆసుపత్రి మంచాల మీద పడుకున్నవాళ్ళకి ఒక అలవాటు అంటుకుంటుంది. డాక్టరేది వినాలనుకుంటే అది చెప్పేస్తారు, లేకపోతే ఇంటికి పంపరు. ఏడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పైగా తోడు ఉద్యోగం ఇచ్చిందే ఆ సర్టిఫికెట్ చూసి. అలాగే మేడమ్ అని కళ్ళు మూసుకుని, పంతొమ్మిదో రోజునే తలుచుకుంది.

ఇప్పుడు ఆ చల్లబడ్డ గుండెని మూడు రోజులకోసారి పదకొండుమందికి పంచుతున్నారు. 'ఛీ, ఎంత పని చేశాను!' అనుకుంది నీలవేణి. గోంగూర అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

డాక్టర్ పరిమళ అంతా వింది. తర్వాత తెర మీద గీతలు చూపించింది. "చూడు నీలవేణీ, ఎంత చక్కగా ఉందో. గుండె దడ లేదు, నిద్ర బాగుంది. ఇది కోలుకోవడం కాకపోతే ఏమిటి?"

"నోరు నొక్కేసుకోవడం, మేడమ్. ఒకటడుగుతాను, నిజం చెప్పండి. మనిషి తేరుకుంటే వచ్చే గీతకీ, ఇక నా మాట ఎవరూ వినరులే అని వదిలేసుకుంటే వచ్చే గీతకీ మీ యంత్రంలో తేడా తెలుస్తుందా?"

పరిమళ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. పదిహేడేళ్ళ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. వాడికి ఒక్క మూడు రోజులు నెమ్మది దొరికుంటే బతికేవాడన్న నమ్మకంతోనే పన్నెండేళ్ళు ఈ గదిలో గడిపింది.

"తెలీదు," అంది చివరికి. "రెండూ ఒకేలా ఉంటాయి."

"మరి మీరు వేసింది ఏ గీత?"

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అయితే ఆ ప్లేటు పగలగొట్టిన రోజు తలుచుకో. అది పట్టుకుంటాను, అది వేద్దాం," అంది ఆశగా.

"ఆ రోజు నాకు వచ్చింది కోపం మేడమ్. నా కోపం తీసుకెళ్ళి వాళ్ళ నెత్తిన పెడితే వాళ్ళు మా నాన్నని తిడతారు. వాళ్ళని బాధపెట్టినవాళ్ళని ఎవరు తిడతారు? ఆ పిల్లకి తనదే రావాలి. ఆదివారం టోపీ ఆపండి, డిశ్చార్జి నాలుగు రోజులు వెనక్కి జరపండి. నేనడిగేది అంతే."

"అది నా చేతిలో లేదు. గోవర్ధనంగారు చెప్పాలి."

శనివారం పదకొండింటికి సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళేసరికి అక్కడ యోషిత తండ్రి కూర్చుని ఉన్నాడు, డిశ్చార్జి కాగితాల మీద సంతకాలకి రెండు రోజులు ముందే వచ్చి. నీలవేణి చెప్పేదంతా గోవర్ధనంగారు పెన్ను తిప్పుతూ విన్నారు.

"చూడమ్మాయ్, పిల్ల తింటోంది. నవ్వుతోంది. పడుకుంటోంది. ఇంకేం కావాలి నీకు?"

"ఆ పిల్లకి ఏం జరిగిందో ఎవరైనా అడిగారా సార్?"

"ఏదో జరిగే ఉంటుంది. ఆ వయసులో అన్నీ జరుగుతాయి. బాధ పోయాక కారణంతో పనేమిటి?"

"కారణం ఆ హాస్టల్లో ఉంది సార్! మీరు పిల్లని మళ్ళీ అక్కడికే పంపిస్తున్నారు! కాలిలో మేకు దిగితే మేకు తియ్యకుండా కాలు మొద్దుబారడానికి మందిచ్చి, నడువు నడువు అంటారా ఎవరైనా?"

గోవర్ధనంగారు నవ్వారు. "నీ బాధేమిటో నాకు తెలుసులే. టోపీ వస్తే తోడు ఉద్యోగాలు పోతాయని మీ అందరికీ గుబులు. ఇరవై ఆసుపత్రులు దీన్ని అడుగుతున్నాయి. ఇప్పుడొచ్చి ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అంటున్నావు. అప్పుడు నువ్వు కోలుకోలేదంటే నీ సర్టిఫికెట్ అబద్ధం. నీ ఉద్యోగం అబద్ధం. అదీ రాసుకోమంటావా?"

"రాసుకోండి! నిక్షేపంలా రాసుకోండి. పదిహేడేళ్ళ పిల్ల నోరు మూసుకుంటే జబ్బు నయమైందని రాసినవాళ్ళ పేర్లు కూడా కింద రాయండి."

అప్పుడు శివన్నారాయణ చేతులు జోడించాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. మా పిల్ల నవ్విందమ్మా. రెండు నెలలైంది అది నవ్వి. నువ్వెందుకు మధ్యలో అడ్డం పడతావు?"

గోవర్ధనంగారి మాటలకి రాని దుఃఖం ఆయన మాటకి వచ్చింది. ఏం చెప్తుంది? ఆ నవ్వు మీ పిల్లది కాదండీ, నాది, అని చెప్తే ఆయనకేం అర్థమవుతుంది?

గోవర్ధనంగారి వైపు తిరిగి, "సార్, ముద్ర ఇచ్చినప్పుడు మీరు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఒక మాట ఉంది. ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని. తీసుకుంటున్నాను," అంది.

గోవర్ధనంగారి చేతిలో పెన్ను ఆగింది. "తీసుకో. కానీ ఈ క్షణం నుంచి వార్డు గడప తొక్కావంటే గార్డుతో గెంటిస్తాను. సోమవారం నీ ఉత్తర్వు నీకందుతుంది."

పై అంతస్తులో పరిమళ, ముద్ర వెనక్కి తీసుకునే కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. "చెరిపితే మళ్ళీ రాదు. రేపు పొద్దున్న పదకొండుమందికీ టోపీ వేళ. మిగతా పదమూడుమంది ముద్రలూ వీళ్ళకి పట్టలేదు. మధ్యాహ్నానికల్లా అందరికీ ఒక్కసారే తిరగబడుతుంది. ఎవరికైనా ఏమైనా అయితే..."

"మంచానికొక మనిషిని కాపలా పెట్టండి మేడమ్. సెలవులో ఉన్న నర్సుల్ని పిలిపించండి. మీరూ ఉండండి. నన్ను ఎలాగూ రానివ్వరు." నీలవేణి కాగితం తన వైపు లాక్కుంది. పదకొండుమంది నెత్తినుంచి గొడుగు లాగేసి తను బయట నిలబడబోతోంది. భయంగా ఉంది. తప్పు చేస్తున్నానేమో అని కూడా ఉంది. అయినా సంతకం పెట్టింది.

పరిమళ మీట నొక్కింది. పన్నెండేళ్ళ పని ఖాళీ తెర అయిపోయింది. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని నర్సులకి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది.

ఆదివారం నీలవేణి ఆసుపత్రి ఎదురుగా బస్‌షెల్టర్‌లో పొద్దున్నే వచ్చి కూర్చుంది. పదకొండైంది, పన్నెండైంది. ఒంటిగంట దాటాక ఆ భవనంలోంచి ఒక కేక వినిపించింది. ఆ వెనకే ఇంకోటి. కంచాలు కింద పడ్డ చప్పుడు. నాలుగు నెలలుగా చడీచప్పుడూ లేని ఆ కిటికీల్లోంచి ఏడుపు రోడ్డు మీదికి వచ్చేసింది. నీలవేణి లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచింది. రోడ్డు దాటి గేటు దాకా వెళ్తే గార్డు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

అప్పుడు హెడ్ నర్సు ఏసుమణి విసవిసా నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆవిడకి సెలవు. చర్చికి కట్టుకున్న తెల్లచీర మీదే డ్యూటీకి దిగిపోయింది.

"ఏరా, ఈ పిల్లని లోపలికి రానిస్తావా, ఆ పదకొండుమందినీ తెచ్చి నీ కుర్చీ చుట్టూ కూర్చోబెట్టనా?"

"సూపరింటెండెంటుగారు అడిగితే ఏం చెప్పాలమ్మా?"

"ఏసుమణమ్మ మెడ పట్టుకుని బెదిరించింది అని చెప్పు. నేను ఒప్పుకుంటాలే."

వార్డంతా గందరగోళంగా ఉంది. ఒకడు గోడకి వీపు కొట్టుకుంటుంటే నర్సు మధ్యలో దిండు పెట్టి పట్టుకుని ఉంది. ఇద్దరాడపిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. పరిమళ నేల మీద కూర్చుని ఒక కుర్రాడి తల ఒళ్ళో పెట్టుకుని, వాడు తిడుతుంటే ఊఁ కొడుతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీలవేణి లెక్కబెట్టుకుంది, పదకొండుమందీ ఉన్నారు. యోషిత గోడ మూల మోకాళ్ళు కావలించుకుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు.

చాలాసేపటికి యోషిత గోడ వైపే చూస్తూ అడిగింది. "ఆ టోపీలో ఉన్నది నీదా?"

"నాదే."

"నా లోపల నువ్వు కూర్చుని నా నోరు మూశావా?"

"మూశాను. తెలిసే ఇచ్చాను, యోషీ. అది మంచిది కాదని తెలిసే ఇచ్చాను."

యోషిత ఒక్కసారి తిరిగి నీలవేణి భుజం మీద పిడికిలితో గుద్దింది. మళ్ళీ గుద్దింది. "మూడు వారాలు! మూడు వారాలు దాన్ని మర్చిపోయాను నేను! దాని పేరు కూడా తలుచుకోలేదు! అన్నం తిన్నాను, జడలేసుకున్నాను! నీవల్లే! నువ్వు నాకు అక్కవేంటి?"

ఏసుమణి ఆపడానికి రాబోతే నీలవేణి వద్దని తల ఊపింది. ఆ గుద్దులు నొప్పిగా ఉన్నాయి. న్యాయంగానూ ఉన్నాయి. కోపం అలిసిపోయాక యోషిత మాట్లాడడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు.

దాని పేరు భార్గవి. యోషిత రూమ్మేటు. బుధవారం సాయంత్రం జ్వరమొచ్చింది. వారాంతం పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని ఇన్‌చార్జి మేడమ్ దాన్ని మేడ మీద చివరి గదిలో పెట్టి గొళ్ళెం వేయించింది. పుస్తకాలిచ్చింది, మాత్ర ఒకటిచ్చింది. మూడు రాత్రులు అది తలుపు కొట్టింది. యోషిత దొంగతనంగా వెళ్ళి తలుపు సందులోంచి నీళ్ళ సీసా తోసేది. "మా అమ్మకి ఫోన్ చెయ్యవే," అని అది నంబరు చెప్పేది, చెప్పిందే చెప్పేది. ఎవరూ ఫోను ఇవ్వలేదు. శనివారం పొద్దున్న చప్పుడు ఆగిపోయింది. వాళ్ళమ్మానాన్నలకి మాత్రం, ఆ పొద్దున్నే ఒక్కసారిగా జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోయిందనీ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళామనీ, దారిలోనే పోయిందనీ చెప్పారు. శుక్రవారం రాత్రి దాకా నాతో నవ్వుతూ కబుర్లు చెప్పింది అని ఒక కాగితం మీద యోషిత చేత రాయించుకున్నారు.

"నేను రాశానక్కా. నా చేత్తో రాశాను," అంది యోషిత.

ఈ పిల్లనే, ఈ మాటని లోపల పెట్టుకున్న పిల్లనే, నుదుటికి పట్టీ కట్టి మళ్ళీ ఆ మేడ కిందికే పంపబోయారు. ఆ గదిలో ఇవాళ ఇంకెవరున్నారో. తలుచుకుంటే నీలవేణికి రక్తం మరిగిపోయింది.

"ఇది నా దగ్గర ఉంచనా, బయటికి చెప్పనా?" అని అడిగింది. తోడు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

"నువ్వు చెప్పక్కర్లేదు. నేనే చెప్తాను," అంది యోషిత.

సోమవారం పొద్దున్న శివన్నారాయణ కారు తెచ్చాడు. గోవర్ధనంగారు నీలవేణిని ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు తెచ్చారు. ఆమె దాన్ని చదవకుండానే మడిచి చేతిలో పట్టుకుంది. పరిమళ తను రాత్రంతా రాసిన కేసు షీటుని బల్ల మీద పెట్టి, "యోషిత డిశ్చార్జి కావడం లేదు. దీని నకలు పోలీసులకీ, పిల్లల సంక్షేమ కమిటీకీ పంపేశాను. నా సంతకంతో," అంది. గోవర్ధనంగారు ఆ కాగితాలు చదువుతూ చదువుతూ కూర్చుండిపోయారు.

యోషిత తండ్రికి తనే చెప్పింది, నిలబడి, మొదటినుంచీ చివరిదాకా. విన్నంతసేపూ ఆయన మొహం పాలిపోతూ వచ్చింది. పోలీసులు అన్న మాట దగ్గర అటూ ఇటూ చూశాడు. నీలవేణి ఆ చూపు గుర్తుపట్టింది.

"అమ్మా, యోషీ... వాళ్ళు పెద్దవాళ్ళు... మనకెందుకు..." అన్నాడు శివన్నారాయణ.

"ఆ గదిలో నేనుంటేనో, నాన్నా?"

ఆయన అక్కడే బల్ల మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

యోషిత ఏసుమణి దగ్గర ఫోను తీసుకుంది. నంబరు కోసం ఎక్కడా వెతుక్కోలేదు. ఒక్క అంకె తప్పకుండా నొక్కి, స్పీకరు పెట్టింది.

"ఆంటీ, నేను యోషితని. భార్గవి రూమ్మేట్‌ని. ఆ కాగితంలో నేను రాసింది అబద్ధం ఆంటీ."

అవతలినుంచి, కనపడ్డ ప్రతివాళ్ళనీ అదే అడిగి అడిగి అరిగిపోయిన గొంతుతో ఒక తల్లి అడిగింది.

"దానికి జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"బుధవారం, ఆంటీ," అంది యోషిత.